ఆరు తూటాలు

మెట్‌పల్లి,
9 జనవరి 1972

చిరంజీవి సౌభాగ్యవతి ప్రమోదినికి, అన్న గోపాల్‌రావు దీవించి రాస్తున్నాను.

మేమంతా క్షేమం. మొన్నటి యుద్ధం మనం గెలిచామని రేడియోలో విని ఉంటావు. నేను గెలిచిన యుద్ధం రేడియోలో రాదు కనుక ఉత్తరంలో రాయవలసి వస్తోంది.

డిసెంబరులో పని మీద కరీంనగర్ పోయి, తుపాకుల దుకాణంలోకి తొంగి చూశాను. దుకాణం సాబు మెల్లగా నా చెవిలో, "దొరా, ఫ్యాక్టరీ మాలంతా ఫౌజుకే పోతుంది. బయటి దేశం మాల్ బంద్. గీ బీరువల ఉన్నదే ఆఖరు" అన్నాడు. నా వెనుక ఇంకో ఇద్దరు షికారీలు నిలబడి ఉన్నారు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. బీరువా మొత్తం కట్టించుకున్నాను.

నా లైసెన్సు మీద ఇంతకు మించి ఇవ్వకూడదని సాబు కొంచెం నసిగాడు. అదృష్టం కొద్దీ, రెన్యువల్ కోసం నువ్వు పంపిన నీ లైసెన్సు పుస్తకం నా సంచిలోనే ఉంది. బాపు పోయాక ఆయన తుపాకి కూతురివైన నీ పేరు మీద ఉండటం వల్ల ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం కలిగింది. నీ పేరున కొన్న రెండు వందల తూటాలను మన జీతగాడు హనుమండ్లు చేతికిచ్చి పంపుతున్నాను. పొడి చోట దాచు. ఎవరికీ చెప్పకు. ఇంకో ఆరు నెలల్లో ఒక్కొక్కటీ నాలుగింతలు పలుకుతుంది.

బావగారికి నమస్కారాలు.

నీ అన్న,
గోపాల్‌రావు


బెల్లంపల్లి,
20 జనవరి 1972

అన్నయ్యకు, ప్రమోదిని నమస్కరించి రాసే జాబు.

నిన్న హనుమండ్లు బస్సు దిగి ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకొని కాలనీ అంతా దాటుకుంటూ వచ్చాడు. నాకు పుట్టింటి నుంచి సారె వచ్చిందని చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎనిమిది మంది పోగయ్యారు. అరిసెలని చెప్పాను. పంచిపెట్టలేదు కాబట్టి, కంపెనీ డాక్టరు పెళ్ళాం పిసినారి అనే పేరు ఆ పూటతో ఖాయమైంది. ఈ నష్టం నీ లెక్కలో రాసుకో.

మీ బావ పెట్టె తెరిచి చూసి, "మీ అన్నయ్యకు ఇక్కడ గనిలో ఉద్యోగం చూద్దామా? మందుగుండు మీద ఇంత ప్రేమ ఉన్న మనిషి పైన ఎండలో ఎందుకు?" అన్నారు. ఆయన మాట పట్టించుకోకు. నేను అడిగేది ఒక్కటే. బాపు ఆదివారం పది తూటాలు తీసుకుపోతే సాయంత్రానికి పది ఖాళీ గొట్టాలు తెచ్చి మన ముందు పోసేవాడు. వాటితో మనం ఇళ్ళు కట్టి ఆడుకున్నాం. నువ్వు ఇన్ని కొన్నావు కదా, పేలుస్తావా, లేక చూసుకుంటావా?

వదినకు నా నమస్కారం.

ప్రమోదిని


మెట్‌పల్లి,
18 ఏప్రిల్ 1972

చి. ప్రమోదినికి ఆశీస్సులు.

నీ ఎగతాళికి జవాబు బజారే ఇచ్చింది. కరీంనగర్‌లో ఇప్పుడు ఖాళీ బీరువా తప్ప ఏమీ లేదు. జగిత్యాల నుంచి ఒక వకీలు స్కూటరు మీద వచ్చి నా దగ్గర పాతిక కొనుక్కుపోయాడు. దుకాణం ధరకు మూడింతలు ఇచ్చి, దండం కూడా పెట్టాడు. నేను చుట్టుపక్కల ఊళ్ళలో వాడకుండా ఉన్నవాళ్ళ దగ్గర ఇంకా కొంటూనే ఉన్నాను.

ఉగాది నాడు మా షికారీ క్లబ్బు కూడింది. నీకు తెలుసు కదా, కుమ్మరి బుచ్చిరాములు మట్టి బిళ్ళలు చేసి తెచ్చి గాలిలోకి విసిరితే మేం ఏడుగురం వాటిని కాలుస్తాం. ఈసారి ఎవరూ కాల్చలేదు. తూటా ధర అనుకుంటూ చేయి వెనక్కి లాగుకున్నారు. అందరం కుర్చీలు వేసుకొని, ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో చెప్పుకొని, చాయ్ తాగి లేచాం. లెక్కలో నేనే మొదట వచ్చాను. కప్పు నాకే ఇచ్చారు. బుచ్చిరాములు మాత్రం మర్యాద లేకుండా, "నేను మూడు నూర్ల బిళ్ళలు కాల్చి తెచ్చిన దొరా. మీరు కాల్చకపోతె ఇంటికి కొంటవోయి కూరల ఏసుకోవాలెనా?" అన్నాడు. కళ విలువ వాడికేం తెలుసు?

మీ వదిన సణుగుడు ఎక్కువైంది. బియ్యం గుమ్మిలో తూటాలు పోసి, బియ్యం మంచం కింద పెట్టించాను. అదే ఆమె బాధ. అటక సర్దుతుంటే బాపు దాచిన పాత తూటాలు కూడా ఒక గోనెసంచిలో దొరికాయి. ప్రతి దాని మీదా సిరాతో 1956 అని ఆయన చేతిరాత. అట్టగొట్టాలు ఉబ్బి, అడుగున ఇత్తడికి పచ్చటి చిలుము పట్టింది. రెండు పెట్టి చూశాను. కనీసం తుస్సుమని కూడా అనలేదు. పక్కన పడేశాను.

నీ దగ్గరున్నవి జాగ్రత్త.

గోపాల్‌రావు


బెల్లంపల్లి,
7 మే 1972

అన్నయ్యకు నమస్కారం.

ఒక్క తూటా కాల్చకుండా కప్పు గెలిచిన షికారీని మా కాలనీ ఆడవాళ్ళందరికీ వర్ణించి చెప్పాను. ఒకావిడకు నవ్వి నవ్వి పొలమారింది. వచ్చే ఏడు క్లబ్బుకు తుపాకులు కూడా తెచ్చుకోనక్కరలేదు, సంచులు తెచ్చుకుంటే చాలు. వీలైతే ఆ కప్పులో కూడా నాలుగు తూటాలు పోసి దాచు, చోటు కలిసివస్తుంది.

నవ్వు పక్కన పెట్టి ఒక మాట. ఈ ఏడు వానలు సరిగా పడేట్టు లేవని ఇక్కడ అనుకుంటున్నారు. అడవిలో నీళ్ళు లేకపోతే పందులు పంటల మీద పడతాయి. మన ఊరి గుట్ట కింద రైతులకు పంట కాపలా తుపాకులు నాలుగో అయిదో ఉన్నాయి. వాళ్ళకు దుకాణంలో తూటా దొరకదు, నీలాంటి వాళ్ళు దొరకనివ్వరు. నా పెట్టెలో ఉన్నవి వాళ్ళకు దుకాణం ధరకే ఇచ్చేద్దామా? నువ్వు సరేనంటే ఠాణాలో అడిగి కాగితం పెట్టిస్తాను.

ప్రమోదిని


మెట్‌పల్లి,
24 ఆగస్టు 1972

చి. ప్రమోదినికి ఆశీస్సులు.

నీ పెట్టె ముట్టుకోవద్దు. ధర ఇంకా పెరిగేది ఉంది. ఇప్పుడు ఇస్తే నీకే నష్టం.

నేను రాతిగుండె వాణ్ణని నువ్వు అనుకుంటున్నావు కనుక ఈ సంగతి రాస్తున్నాను. గుట్ట కింద మూడెకరాల మక్కజొన్న వేసిన రాజలింగు గుర్తున్నాడా? చిన్నప్పుడు నీకు ఈత గెలలు కోసి తెచ్చేవాడు. పంట కాపలాకు వాడికి ఒక ఒంటి గొట్టం తుపాకి ఉంది. పోయిన వారం వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. పందులు రోజూ దిగుతున్నాయట. కరీంనగర్, జగిత్యాల రెండూ తిరిగి వట్టి చేతులతో వచ్చాడట. నేను వాణ్ణి తిప్పి పంపలేదు. ఆరు తూటాలు చేతిలో పెట్టి పంపాను. పోతూ పోతూ కాళ్ళు మొక్కాడు.

ఆదివారం క్లబ్బు వాళ్ళకు మన ఇంట్లో దావతు చేశాం. మంచి మేక దొరికింది. మీ వదిన వండిన కూరను అందరూ ఇప్పటికీ తలచుకుంటున్నారు.

గోపాల్‌రావు


బెల్లంపల్లి,
2 సెప్టెంబరు 1972

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బావకు కూడా చదివి వినిపించాను. "చూశారా, మా అన్న నోటితో ఎంత బడాయి పోయినా చెయ్యి బాపుదే" అన్నాను. నీ మీద వేసిన పరిహాసాలన్నీ ఈ ఒక్క పనికి వెనక్కి తీసుకుంటున్నాను, ఒక్క ఆ కప్పు సంగతి తప్ప.

రాజలింగు పంట దక్కితే నాకు తప్పక రాయి.

నీ చెల్లె,
ప్రమోదిని


మెట్‌పల్లి,
28 సెప్టెంబరు 1972

చి. ప్రమోదినికి ఆశీస్సులు.

ఆలస్యంగా వచ్చినా వాన గట్టిగానే పట్టింది. ఇల్లంతా చెమ్మ. గుమ్మిలోంచి తీసి ఎండబెడదామంటే ఎండ లేదు. పొయ్యి దగ్గర పెడదామంటే మీ వదిన, "నన్ను, ఇంటిని ఒక్కపారే లేపుతవా?" అని గంటె పట్టుకొని నిలబడింది. దేవుడి గదిలోకి కొన్ని మార్చాను. నీది బొగ్గు ఊరు కాబట్టి పొడిగానే ఉంటుందనుకుంటాను.

జగిత్యాల వకీలు మళ్ళీ వచ్చాడు. ఇప్పుడు అయిదింతలు అన్నాను. ఆలోచించుకొని వస్తానన్నాడు. వస్తాడు, ఎక్కడికి పోతాడు?

క్లబ్బులో నన్ను అధ్యక్షుడిగా ఎన్నుకునే మాట నడుస్తోంది.

రాజలింగుకు పంది తగిలి కాలికి దెబ్బ అయిందట. కరీంనగర్‌లో చూపించుకుంటున్నాడు. పల్లెల్లో ఇవన్నీ ఉండేవే.

గోపాల్‌రావు


బెల్లంపల్లి,
11 అక్టోబరు 1972

గోపాల్‌రావు గారికి,

రాజలింగు భార్య బాలలక్ష్మి తెలుసు కదా. ఆమె తమ్ముడు సారయ్య ఇక్కడ గనిలో బొగ్గు కొడతాడు. ఆదివారం మా ఇంటికి వచ్చాడు. తన బావ కాలు ఉంటుందా పోతుందా అని మీ బావను అడగడానికి వచ్చాడు. కరీంనగర్‌లో ఇచ్చిన కాగితాలు వెంట తెచ్చాడు. తొడ నుంచి మోకాలి దాకా చీలింది. కాలు ఉంటుందని, కానీ మోకాలు మళ్ళీ వంగదని మీ బావ చెప్పారు. మీరు దానికి "దెబ్బ" అని రాశారు.

ఎలా జరిగిందని అడిగాను. సారయ్య చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పొద్దువొడుపుకు మక్కల పడ్డదమ్మా. గీ గోడకాడ పంది ఉంటె గా గోడకాడ మా బావ ఉన్నడు. నొక్కిండు, టక్కుమన్నది. మడిచి ఇంకోటి పెట్టిండు. గదీ టక్కుమన్నది. మూడోది పెట్టేటాల్లకు మీదికొచ్చింది."

కొత్త తూటాలు ఎందుకు పేలలేదని అడిగాను. అతడు రుమాలు విప్పి, పేలకుండా మిగిలిన తూటా ఒకటి నా చేతిలో పెట్టాడు. అట్ట ఉబ్బి ఉంది. ఇత్తడికి చిలుము. పక్కన సిరాతో 1956.

బాపు చేతిరాతను నేను పదహారేళ్ళ తరువాత చూశాను, అన్నయ్యా. ఇలా చూస్తాననుకోలేదు.

"గీ ఆరింటికి దొర మా బావ మేకను గుంజుకున్నడు. ఈననున్న మేక. అక్క రెండు దినాలు బువ్వ తినలే" అన్నాడు సారయ్య. ఆ ఆదివారం మీ ఇంట్లో దావతు సంగతి అతడికి తెలియదు. నాకు తెలుసు కనుక తల వంచుకున్నాను.

ఏప్రిల్ పద్దెనిమిదిన మీరు రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. రెండు పెట్టి చూశానని, పేలలేదని, పక్కన పడేశానని మీరే రాశారు. పక్కన అంటే రాజలింగు చేతిలో అని నాకు అప్పుడు అర్థం కాలేదు. మంచివి గుమ్మిలో ఉన్నాయి. దేవుడి గదిలో ఉన్నాయి. మంచివి ఆరు తీసి ఇస్తే మీ కప్పు వెనక్కి తీసుకుంటారని భయపడ్డారా?

నేను చేసింది కూడా చెప్పాలి. సోమవారం ఠాణాకు పోయాను. నా పేరున ఉన్న రెండు వందల తూటాలను మంచిర్యాలలోని లైసెన్సు దుకాణానికి అప్పగిస్తున్నానని, పంట కాపలా లైసెన్సు ఉన్నవాళ్ళకు మాత్రమే, పాత ధరకే అమ్మాలని కాగితం రాశాను. ఇవి నా దగ్గరికి ఎలా వచ్చాయని ఆఫీసరు అడిగాడు. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాను, మెట్‌పల్లిలో నడుస్తున్న ధరతో సహా. ఇక నాకు తుపాకి వద్దని బాపు తుపాకిని కూడా అక్కడే ఉంచి వచ్చాను. తిరిగి వస్తుంటే భుజం తేలికగా ఉంటుందనుకున్నాను, లేదు.

ప్రమోదిని


మెట్‌పల్లి,
30 అక్టోబరు 1972

ప్రమోదినికి,

తోడబుట్టిన దానివి చేయవలసిన పనేనా ఇది?

గురువారం పొద్దున జీపు వచ్చింది. బజారంతా వెంట వచ్చింది. గుమ్మి తోడారు, అటక దించారు, దేవుడి గదిలోకి బూట్లు విప్పి వచ్చారు, అంత మర్యాద మాత్రం చేశారు. లైసెన్సు మీద ఉండవలసిన దానికన్నా మూడింతలు ఎక్కువ తేలాయి. అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఇన్‌స్పెక్టరు కుర్రవాడు ఏదో సరదా పుట్టి, గుమ్మిలోంచి పది తీసి నా తుపాకితోనే ఊరి బయట పేల్చి చూశాడు. మూడు పేలాయి. మిగతా ఏడు అడుగున చెమ్మ తిన్నాయట. "గోపాల్‌రావు గారూ, గివి దాసుకునుడు నేరమా కాదా అన్నది తర్వాత సంగతి. గివి తూటాలేనా కావా అన్నది ముందుగాల తేలాలె" అని అందరి ముందు అన్నాడు. బుచ్చిరాములు నవ్వడం నేను కళ్ళారా చూశాను.

నా తుపాకి, లైసెన్సు పట్టుకుపోయారు. కేసు నడుస్తుంది. క్లబ్బులో మిగతా ఆరుగురిలో ఒక్కడూ పలకరించలేదు. జగిత్యాల వకీలుకు కబురు పెట్టాను, కేసు చూడమని. మామూలు ఫీజుకు అయిదింతలు అడిగాడు.

ఇక రాజలింగు సంగతి. పాత తూటా అన్నాక ఒకటి పేలుతుంది, ఒకటి పేలదు. అది ఎవరు చెప్పగలరు? రెండు పేలకపోతే మూడోదీ పేలదని రూలు ఉందా? నేను ఇవ్వకపోతే వాడు వట్టి చేతులతోనే నిలబడేవాడు కదా. మేక వాడే ఇచ్చాడు, నేను లాక్కోలేదు.

గోపాల్‌రావు


బెల్లంపల్లి,
6 నవంబరు 1972

అన్నయ్యా,

వట్టి చేతులతో ఉంటే రాజలింగు పందికి ఎదురు నిలబడేవాడు కాదు. పారిపోయేవాడు. చేతిలో తూటా ఉందన్న నమ్మకంతో నిలబడ్డాడు. ఆ నమ్మకం నువ్వు అమ్మావు.

నాకు జవాబు రాయకు. చెప్పవలసింది నాకు కాదు. అతడు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాడట. అతడికి చెప్పిన రోజు ఉత్తరం రాయి. అంతవరకు మన మధ్య ఉత్తరాలు వద్దు.

ప్రమోదిని


మెట్‌పల్లి,
19 ఫిబ్రవరి 1973

ప్రమోదినికి,

మూడు నెలలు నీకు రాయలేదు. రాయడానికి ఏమీ లేకపోయింది.

కేసులో జరిమానా వేశారు. తూటాలన్నీ జప్తు. లైసెన్సు రద్దు. ఇల్లు ఖాళీగా ఉంది. బియ్యం గుమ్మిలోకి వెళ్ళాయి.

సంక్రాంతి దాటాక ఒక పొద్దున ఒక మేకను కొని రాజలింగు ఇంటికి తోలుకుపోయాను. అతడు గోడకు ఆనుకొని కాలు చాపుకొని కూర్చున్నాడు. నేను వైద్యం ఖర్చు గురించి ఏదో మొదలుపెట్టాను. అతడు వినలేదు. బావి కింద యాసంగి మక్క వేశామని, పందులు మళ్ళీ దిగుతున్నాయని, బాలలక్ష్మి ఒక్కతే రోజంతా కష్టం చేసి సాయంత్రం మంచె మీద కాపలా ఉంటున్నదని చెప్పాడు. "పైసలు వద్దు. జర కొన్నొద్దులు మంచె మీద కూసో. పొద్దుగూకే యాల్ల వస్తయి. గట్టిగ ఒర్రితె పోతయి" అన్నాడు. వెటకారం చేస్తున్నాడేమోనని ముఖం చూశాను. లేదు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం పోయి, మంచె మీద రేకు డబ్బా కొడుతూ కేకలు వేస్తున్నాను. బజారులో నవ్వుతున్నారు. క్లబ్బు అధ్యక్షుడు డబ్బా కొడుతున్నాడని ఒకడు నాకు వినబడేట్టే అన్నాడు. నీకు నచ్చుతుందని రాస్తున్నాను. మొదటి రోజు నా గొంతుకు ఒక్క పందీ కదలలేదు. బాలలక్ష్మి కింద నుంచి ఒక్క కేక వేసింది, అన్నీ పోయాయి. చీకటి పడేసరికి ఆమె నాకు ఒక జొన్నరొట్టె, కారం పెట్టేది. మాట్లాడేది కాదు.

నిన్న రాజలింగు కర్ర పట్టుకొని చేను దాకా నడిచి వచ్చాడు. మంచె కింద కూర్చున్నాడు. చాలాసేపు వానల సంగతి, ధరల సంగతి మాట్లాడాం. చెప్పాలని రోజూ అనుకుంటూనే ఉన్నాను. నిన్న చెప్పాను. తల ఎత్తకుండా చెప్పాను. "గవి పేలవని నాకు ఎర్కే, రాజలింగు. రెండు పెట్టి సూసిన. ఎరికుండే ఇచ్చిన."

నేను అతడి భాష మాట్లాడగలనని నాకే తెలియదు.

తిడతాడనుకున్నాను. కర్ర ఎత్తినా సరేననుకున్నాను. అతడు చేను వైపు చూస్తూ అన్నాడు. "నా చెయ్యే వణికిందేమో అనుకున్న దొరా. బందూకు సరిగ తుడవలేదేమో, నేనే సరిగ నొక్కలేదేమో అని. దవాఖానల పండుకొని గదే సోచాయించిన. ఇంటికొచ్చినంక కూడ దాన్ని ఎన్నిసార్లు విప్పి సూసిన్నో. అయిదు నెలల సంది తప్పు నాదేననుకుంటున్న."

ప్రమోదినీ, అతడి మోకాలు ఇక వంగదన్నప్పుడు నేను ఖర్చు గురించి ఆలోచించాను. జీపు వచ్చినప్పుడు పరువు గురించి ఆలోచించాను. ఈ మాట విన్నాక చీకటి పడేదాకా మంచె మీదే ఉండిపోయాను.

చేను అంచున బాలలక్ష్మి మా మాటలన్నీ విన్నది. నిన్న నాకు రొట్టె పెట్టలేదు.

ఈ రోజు రావద్దని వాళ్ళు అనలేదు. రమ్మని కూడా అనలేదు. పొద్దు వాలుతోంది, బయలుదేరుతున్నాను.

గోపాల్‌రావు